రేపటి ఆశ ఇవాళ్టి పాఠంలోకి ఎలా దిగుతుంది?

‘పెద్దయ్యాక ఏమవుతావమ్మా?’ ‘నువ్వేమవుతావురా?’ చుట్టపుచూపుగా వచ్చిన పెద్దవాళ్లకు పిల్లలతో మాట కలపడానికి ఇంతకన్నా తేలికైన ప్రశ్న దొరకదు. ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ కూడా ఇదే అడుగుతుంది, కాకపోతే పద్ధతిగా. తాను జరిపే పీసా పరీక్షలో భాగంగా 15 ఏళ్ల పిల్లల చేత రాయిస్తుంది: 30 ఏళ్ల వయసుకు నువ్వు ఏ ఉద్యోగంలో ఉంటావనుకుంటున్నావు? 2018లో పిల్లలు రాసినవాటిని లెక్కవేసి 2020 జనవరిలో బయటపెట్టారు. 41 దేశాల్లో కలిపి చూస్తే అబ్బాయిల్లో 47 శాతం, అమ్మాయిల్లో 53 శాతం మంది కోరికలు పదంటే పది ఉద్యోగాల్లో ఇమిడిపోయాయి. డాక్టరు, ఇంజినీరు, టీచరు, లాయరు, పోలీసు... మన ఇళ్లలో వినేవే.

కోరికలు ఇంత దగ్గరదగ్గరగా ఉన్నప్పుడు చదువులు ఎందుకింత ఎడంగా ఉన్నాయి? డాక్టర్ కావాలనుకునే ఇద్దరిలో ఒకరు రాత్రి పదింటిదాకా పుస్తకం మూయరు, ఇంకొకరు హోంవర్కే ముట్టరు. తెలివిలో తేడా అని తేల్చేయడం సులువు. ‘లక్ష్యం గట్టిగా లేదు’ అని వ్యక్తిత్వ వికాసం క్లాసులో చెప్పడం ఇంకా సులువు. దశాబ్దాలుగా దీన్ని పట్టుకుని చూస్తున్న మనస్తత్వ పరిశోధకుల మాట వేరు. కోరిక ఎంత పెద్దదన్నది వాళ్ల లెక్కలో చిన్న సంగతి. ఆ కోరికకూ ఇవాళ్టి పాఠానికీ మధ్య దారి కనిపిస్తోందా, అది తనలాంటివాళ్లకు తెరిచే ఉందన్న నమ్మకం ఉందా, అసలు ఆ కోరిక తనదేనా అన్నవాటి మీద చదువు నడుస్తుంది. సంస్కృతి చెయ్యి పెట్టేదీ అక్కడే.

పదేళ్ల తర్వాతి సంగతి ఇవాళ ఎలా కదిలిస్తుంది?

బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయంలో జోసెఫ్ నూటిన్, ఆయన తర్వాత విల్లీ లెన్స్ ఈ ప్రశ్న మీద ఏళ్ల తరబడి పనిచేశారు. వాళ్ల లెక్కన ప్రతి మనిషికీ భవిష్యత్తులోకి చూపు ఆనే దూరం ఒకటుంటుంది. కొందరికి అది వచ్చే ఆదివారం దాకా, కొందరికి పాతికేళ్ల దాకా. చూపు దూరం ఆనేవాళ్లకు ముందున్నది మరీ ముందున్నట్టు తోచదు. ‘ఇంకా పదేళ్లుంది’ అనేవాడికీ, ‘పదేళ్లేగా’ అనేవాడికీ క్యాలెండరు ఒకటే. పైగా ఆలస్యంగా దక్కేదాని విలువ వాళ్ల మనసులో తొందరగా తరగదు. 1982లో లెన్స్ బృందం హైస్కూలు పిల్లల మీద ఒక అధ్యయనం ప్రచురించింది. పట్టుగా చదివి మంచి మార్కులు తెచ్చుకునే పిల్లలు దూరపు లక్ష్యాలకు ఎక్కువ విలువ ఇచ్చారని, ఇప్పటి చదువు వాటికి పనికొస్తుందని కూడా మిగతావాళ్లకన్నా ఎక్కువగా నమ్మారని తేలింది.

‘పనికొస్తుంది’ అన్న ఈ మాటలో రెండు రకాలున్నాయి, అవి ఒకదానికొకటి పోలవు. సివిల్ ఇంజినీరు కావాలనుకునే అమ్మాయికి బలాల పాఠం రేపు వంతెన కట్టేటప్పుడు కావాలి. ఆ పాఠమే పనికొస్తుంది. రెండో రకంలో పాఠంతో పని లేదు, దాని మార్కులతోనే పని. మన ఇంటర్మీడియట్‌లో రెండో భాషగా సంస్కృతం తీసుకునే పిల్లలు వేలకు వేలు. అందరూ కాళిదాసు మీద ప్రేమతో చేరారని ఎవరూ అనరు. మార్కులు బాగా పడతాయని చేరతారు. వాళ్లను తప్పుపట్టడానికీ లేదు, వ్యవస్థ వాళ్లను అడిగింది మార్కులే. కానీ పరీక్ష హాల్లోంచి బయటికి వచ్చిన క్షణాన ఆ రెండేళ్ల చదువుకు కారణం తీరిపోతుంది. కారణం తీరిపోయిన చదువు బుర్రలో ఎన్నాళ్లు నిలుస్తుందో ఇంటర్ దాటినవాళ్లెవరినైనా అడగండి.

లూవెన్‌వాళ్లు దీన్ని ప్రయోగం చేసి చూశారు. 2004లో ప్రచురించిన పరిశోధనలో, చిన్నపిల్లల బడి టీచర్లుగా తయారవుతున్న విద్యార్థులకు చెత్తను తిరిగి వాడుకోవడం గురించి ఒకే పాఠం ఇచ్చారు. ఇది చదివితే డబ్బు ఆదా చేయడం తెలుస్తుందని కొందరికి చెప్పారు. నలుగురికీ మేలు చేయడం తెలుస్తుందని మిగతావాళ్లకు చెప్పారు. పాఠంలో ఒక్క అక్షరం మారలేదు. రెండో జట్టు లోతుగా చదివింది, పరీక్షా బాగా రాసింది, ఆ తర్వాత కూడా ఆ విషయం వదల్లేదు. ‘ఇది చదివి తీరాలి’ అనే ధోరణిలో చెప్తే ఫలితం తగ్గింది, ‘చదవచ్చు’ అనే ధోరణిలో చెప్తే పెరిగింది. డబ్బు కోసం చదవడం తప్పని దీని అర్థం కాదు. డబ్బును మాత్రమే ముందు పెట్టి చదివించినప్పుడు పిల్లలు పరీక్షకు సరిపడా చదివి ఆపేస్తారని మాత్రం చెప్పుకోవచ్చు.

కోరిక ఎవరిది?

సొంత కోరికే గొప్పదని, ఇంట్లోవాళ్లు పెట్టిన కోరిక అరువుదని చాలామంది అనుకుంటారు. అమెరికా మనస్తత్వ శాస్త్రం చాలాకాలం అలాగే అనుకుంది. షీనా అయ్యంగార్, మార్క్ లెప్పర్ 1999లో ప్రచురించిన ఒక ప్రయోగం ఆ నమ్మకాన్ని కాస్త కదిపింది. (అయ్యంగార్ తల్లిదండ్రులు భారతదేశం నుంచి వలస వెళ్లిన సిక్కులు. ఇంట్లో ఒక రకం ఎంపిక, బడిలో ఇంకో రకం ఎంపిక చూస్తూ పెరిగిన మనిషికి ఈ ప్రశ్న తట్టడంలో వింత లేదు.)

శాన్ ఫ్రాన్సిస్కోలో ఏడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలు. కొందరు తెల్లజాతి కుటుంబాలవాళ్లు, కొందరు ఇంట్లో చైనీసో జపనీసో మాట్లాడేవాళ్లు. తారుమారు చేసిన అక్షరాలను సరైన మాటగా పేర్చే ఆట ఇచ్చారు. ఆరు రకాల చిక్కుముడుల్లో ఏది కావాలో కొందరు పిల్లలే ఎంచుకున్నారు. కొందరికి ప్రయోగం నడిపే ఆవిడ ఎంచింది. మిగతావాళ్లకు ‘ఇది మీ అమ్మ ఎంచింది’ అని చెప్పారు. తెల్ల పిల్లలు తామే ఎంచుకున్నప్పుడు బాగా ఆడారు, మిగతా రెండు సందర్భాల్లో డీలాపడ్డారు. ఆసియా కుటుంబాల పిల్లలు అందరికన్నా బాగా ఆడింది అమ్మ ఎంచిందని చెప్పినప్పుడు. ఆ తర్వాత సొంత ఎంపిక, అట్టడుగున పరాయి ఆవిడ ఎంపిక.

మన తల్లిదండ్రులు ఈ ప్రయోగాన్ని ఇక్కడి దాకా విని సంతోషంగా ఆపేస్తారేమో. మిగతాది కూడా వినాలి. ఆ పిల్లలకు పరాయి మనిషి ఎంపిక అస్సలు పనిచేయలేదు. అంటే ‘ఎవరో చెప్తే చేసే పిల్లలు’ అని వాళ్ల గురించి అనుకోవడానికి వీల్లేదు. అమ్మ ‘నేను’లో భాగం కాబట్టి అమ్మ మాట తన మాట అయింది. 2003లో దక్షిణ కొరియా, రష్యా, టర్కీ, అమెరికా విద్యార్థుల మీద వలేరీ చిర్కోవ్, రిచర్డ్ ర్యాన్ బృందం చేసిన అధ్యయనం మరో వైపు నుంచి ఇదే మాట చెప్పింది. ఒక సంప్రదాయాన్ని మనసుకు పట్టించుకుని పాటించేవాళ్లు ఏ దేశంలోనైనా కుదురుగా ఉన్నారు. భయానికో మొహమాటానికో పాటించేవాళ్లు ఏ దేశంలోనైనా నలిగారు. కుటుంబం కోసం చదవడం, కుటుంబానికి జడిసి చదవడం పైకి ఒకేలా కనిపిస్తాయి. హాస్టలు గదిలో అర్ధరాత్రి దీపం రెంటికీ వెలుగుతుంది. లోపల జరిగే చదువు మాత్రం ఒకటి కాదు.

సమష్టి కోరిక ఎంత దూరం పోగలదో చూడాలంటే దక్షిణ కొరియా వెళ్లాలి. నవంబరులో జరిగే సునుంగ్ ప్రవేశ పరీక్షలో ఇంగ్లీషు విని జవాబులు రాసే భాగం నడుస్తున్నంతసేపు దేశమంతటా విమానాలు దిగవు, లేవవు. పిల్లవాడి పరీక్ష దేశం పరీక్ష అయిపోతుంది. ఆ బరువు ఒక పిల్లవాణ్ణి నిలబెడుతుంది, పక్క బెంచీవాణ్ణి కుంగదీస్తుంది.

వలస వచ్చినవాళ్ల పిల్లలకు అంత పెద్ద ఆశలెందుకు?

ఈ విషయంలో నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించే చోటు ఇదే.

బెల్జియం 1964లో మొరాకోతో, టర్కీతో కార్మిక ఒప్పందాలు చేసుకుంది. ఊళ్లు వదిలి వచ్చినవాళ్లలో చాలామంది లింబర్గ్ బొగ్గు గనుల్లోకి దిగారు. ఆ గనుల్లో చివరిది 1992లో మూతపడింది. నెదర్లాండ్స్‌లోనూ ఇలాంటి కథే. వచ్చిన తరం పెద్దగా చదువుకోలేదు. వాళ్ల పిల్లలు మాత్రం డాక్టర్లు, లాయర్లు అవుతామన్నారు, అదీ తమలాంటి బీద ఇళ్ల స్థానిక పిల్లలకన్నా గట్టిగా. కారణం ఊహించడం కష్టం కాదు. సొంత ఊరు వదిలింది ఎందుకు అనే ప్రశ్నకు ఆ తల్లిదండ్రుల దగ్గరున్న ఒకే ఒక్క జవాబు ఆ పిల్లలే.

ఇంత ఆశ ఉన్నా ఫలితం మాత్రం అందరికీ రాలేదు. కారెన్ ఫాలే, ఐరిస్ ఆండ్రిసెన్, విల్లీ లెన్స్ ఈ పిల్లల మీద పరిశోధన చేసి 2004లో ఒక సమీక్ష రాశారు. స్థానిక పిల్లల్లోనూ వలస పిల్లల్లోనూ లోపల పనిచేసే తీరు ఒకటేనని వాళ్లు చూశారు. ఇవాళ్టి పాఠం లోపలి నుంచి పుట్టిన లక్ష్యానికి పనికొస్తుందని తోచినప్పుడు ఆసక్తి పెరిగింది, చదువు లోతుగా సాగింది. పై నుంచి ఒత్తిన లక్ష్యాలకు ఆ బలం లేదు. ‘వాళ్ల సంస్కృతే అంత’ అన్న మాటకు ఇక్కడ పెద్దగా చోటు దొరకదు.

అడ్డం పడింది ఇంకోటి. నెదర్లాండ్స్‌లో, బెల్జియంలోని ఫ్లాండర్స్‌లో పన్నెండేళ్లకే పిల్లల్ని విడదీయడం మొదలవుతుంది: కొందరు విశ్వవిద్యాలయం వైపు, కొందరు సాంకేతిక విద్య వైపు, కొందరు చేతిపని నేర్పే బడి వైపు. ఫ్లాండర్స్‌లో పై వరుసలో మొదలుపెట్టి ఏటా కిందికి జారడం ఎంత మామూలంటే, దానికి అక్కడివాళ్లు ‘జలపాతం’ అని పేరు పెట్టుకున్నారు. చేతిపని బడిలో కూర్చుని డాక్టరు కావాలనుకునే పిల్లవాడి కోరిక చెక్కుచెదరకపోవచ్చు. కానీ అతని ముందున్న పాఠానికీ ఆ కోరికకూ మధ్య దారి తెగిపోయింది. ఆశ మిగిలింది, పాఠం పనికిరాకుండా పోయింది. టీచర్లు దాన్ని బద్ధకం అనుకుంటారు.

నైజీరియాలో పుట్టి కాలిఫోర్నియాలో పనిచేసిన మానవశాస్త్రవేత్త జాన్ ఓగ్బు దీన్ని మరింత సూటిగా అడిగాడు. జపాన్‌లోని కొరియన్లు చదువులో వెనకబడ్డారు, అమెరికాలోని కొరియన్లు ముందున్నారు. ఎందుకు? సంస్కృతి ఒకటే కదా. వచ్చిన తీరు వేరు అన్నది అతని జవాబు. జపాన్‌లోనివాళ్లు 1910 నుంచి 1945 వరకు సాగిన వలసపాలన కింద తెచ్చిపడేసిన జనం, అమెరికాకు వెళ్లినవాళ్లు తామే కోరుకుని వెళ్లారు. జపాన్‌లోని బురాకుమిన్ గురించీ అతను ఇదే చెప్పాడు. చర్మశుద్ధి లాంటి వృత్తుల పేరుతో తరాలపాటు అంటరానివాళ్లుగా ఉంచిన సమూహమది. తెలుగు పాఠకులకు ఇంతకన్నా వివరించక్కర్లేదు. సొంత దేశంలో బడిలో వెనకబడ్డ ఆ పిల్లలు, ఆ ముద్ర ఎవరికీ తెలియని అమెరికాలో మామూలుగా చదువుకున్నారని ఓగ్బు ఎత్తిచూపాడు. చదువుకున్నా ఉద్యోగం దగ్గర తలకు తగిలే కప్పు ఒకటి ఉందని తరతరాలుగా చూసినవాళ్లు పిల్లలకు ఏం చెప్పగలరు?

ఓగ్బు ఇంకో మాట కూడా అన్నాడు, నల్లజాతి పిల్లలు బాగా చదవడాన్ని ‘తెల్లవాళ్లలా నటించడం’గా చూస్తారని. దాని మీద గట్టి విమర్శలొచ్చాయి. అవి సబబేనని నా అభిప్రాయం. అన్యాయం చేసినవాణ్ణి వదిలి అన్యాయం పడ్డవాడి వైఖరి మీదికి వేలు తిప్పడం తేలిక. తలకు తగిలే కప్పు గురించిన మొదటి ప్రశ్న మాత్రం నిలబడింది. 1990లో రోజ్లిన్ మికెల్సన్ అందుకు బలమైన ఆధారం చూపింది. లాస్ ఏంజిలెస్ ప్రాంతపు హైస్కూలు విద్యార్థుల్ని ఆమె రెండు రకాలుగా అడిగింది. ‘చదువుంటే పైకొస్తారు’ లాంటి అందరూ ఒప్పుకునే మాటలు ఒక రకం. ‘మా అమ్మానాన్నల చదువుకు తగ్గ ఫలితం దక్కిందా’ లాంటి ఇంటి సంగతులు రెండో రకం. మొదటి రకానికి నల్లజాతి పిల్లలు తెల్ల పిల్లలకన్నా గట్టిగా అవునన్నారు. రెండో రకానికి వాళ్ల జవాబులు చల్లబడ్డాయి. మార్కులు నడిచింది రెండో రకం జవాబుల్ని బట్టే.

అమెరికా స్పెల్లింగ్ బీ విజేతల్లో తరచూ కనిపించే తెలుగు పేర్లను చూసి ‘మన సంస్కృతి’ అని మురిసిపోయేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి. ఆ పిల్లల తల్లిదండ్రుల్లో చాలామంది డిగ్రీ చూసి వీసా ఇచ్చినందువల్లే అక్కడికి చేరినవాళ్లు. చదివితే ఏమొస్తుందో ఆ పిల్లలకు ఎవరూ బోధించక్కర్లేదు, ఇల్లే చూపిస్తుంది. దీనికి ఎదురు చిత్రమూ ఉంది: ఉత్తరప్రదేశ్‌లోని మీరట్ గురించి క్రెయిగ్ జెఫ్రీ 2010లో ‘టైంపాస్’ అనే పుస్తకం రాశాడు. డిగ్రీ మీద డిగ్రీ చేసి ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ టీ దుకాణాల దగ్గర పొద్దుపుచ్చే కుర్రాళ్లు అందులో ఉన్నారు. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గ్రూప్స్ నోటిఫికేషన్ కోసం గదులు అద్దెకు తీసుకున్నవాళ్లకు ఆ పుస్తకం కొత్తగా అనిపించదు. ఊళ్లోని తమ్ముళ్లు వాళ్లను కూడా చూస్తూనే పెరుగుతారు.

తప్పితే ఏమనుకోవాలి?

దీని మీద చిన్న మాట చాలు. స్టీవెన్ హైనె బృందం 2001లో జపాన్, కెనడా విద్యార్థులకు ఒక పరీక్ష పెట్టి, కొందరికి బాగా చేశారని, కొందరికి తప్పారని తోచేలా చేసింది. తర్వాత అలాంటిదే ఇంకో పరీక్ష ముందు పెట్టి ఒంటరిగా వదిలేసింది. కెనడావాళ్లు నెగ్గిన పనినే ఎక్కువసేపు చేశారు, జపాన్‌వాళ్లు తప్పిన పనిని. ఒకచోట తప్పడమంటే ‘ఇది నీకు రాదు’ అని తెలియడం, మరోచోట ‘ఇక్కడ పని మిగిలుంది’ అని తెలియడం. దూరపు లక్ష్యం ఉన్నవాడు మధ్యలో తప్పక తప్పుతాడు కాబట్టి, ఆ క్షణంలో చుట్టూ ఉన్నవాళ్లు ఏమంటారన్నది లక్ష్యంతో సమానంగా పనిచేస్తుంది.

మరి దారి చూపించవచ్చా?

కొంతవరకు వీలవుతుంది. డొమినికన్ రిపబ్లిక్‌లో ఎనిమిదో తరగతి అబ్బాయిలు హైస్కూలు చదువుకు జీతం పెద్దగా పెరగదని అనుకునేవారు. నిజానికి బాగానే పెరుగుతుంది. ఆర్థికవేత్త రాబర్ట్ జెన్సెన్ కొన్ని బళ్లలో అసలు జీతాల లెక్క చెప్పించాడు. తర్వాతి నాలుగేళ్లలో ఆ పిల్లలు మిగతావాళ్లకన్నా సగటున 0.20 నుంచి 0.35 ఏళ్లు ఎక్కువ చదివారు. మరీ పేద ఇళ్ల పిల్లలు మాత్రం మాట నమ్మినా చదువు కొనసాగించలేకపోయారు. దారి తెలియడం వేరు, దారి ఖర్చు చేతిలో ఉండడం వేరు.

అతనే ఢిల్లీ చుట్టుపక్కల పల్లెల్లో కొన్నింటికి మూడేళ్లపాటు కాల్‌సెంటర్ ఉద్యోగాలకు ఆడపిల్లల్ని ఎంచే మనుషుల్ని పంపించాడు. ఆ ఊళ్లలో యువతుల పెళ్లిళ్లు వెనక్కి జరిగాయి, ఉద్యోగాలకు వెళ్లడం పెరిగింది. అప్పటికింకా ఉద్యోగం ఈడు రాని చిన్నపిల్లలు కూడా ఎక్కువమంది బడిలో నిలిచారు.

ఆడపిల్లల లెక్క మన దగ్గరా వేరే. ఆక్స్‌ఫర్డ్ కేంద్రంగా నడిచే యంగ్ లైవ్స్ అధ్యయనం 2002 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 3,000 మంది పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించింది. కొడుకు ఎంత చదవాలి అన్న ప్రశ్నకు తల్లిదండ్రులు చెప్పిన దానికీ, కూతురి విషయంలో చెప్పిన దానికీ మధ్య తేడా వయసుతో పాటు పైకి తేలింది. పశ్చిమ బెంగాల్ బీర్‌భూమ్ జిల్లాలో 495 ఊళ్లు చూసిన ఎస్తేర్ డుఫ్లో బృందం 2012లో ప్రకటించిన ఫలితం ఇక్కడ పనికొస్తుంది. రిజర్వేషన్ వల్ల వరసగా రెండు దఫాలు మహిళే పంచాయతీ ప్రధాన్ అయిన చోట్ల ఈ తేడా తల్లిదండ్రుల్లో 25 శాతం, పిల్లల్లో 32 శాతం తగ్గింది. ఆ ఊళ్లలో ఆడపిల్లలకు కొత్త ఉద్యోగాలేవీ రాలేదు. మారింది కళ్లముందు కనిపించే మనిషి. మన పంచాయతీల్లోనూ మహిళల సీట్లు ఉన్నాయి. సంతకం భార్యది, పెత్తనం భర్తది అయిన ఊళ్లో ఇంత ఫలితం ఆశించలేం.

అర్జున్ అప్పాదురై 2004 నాటి ఒక వ్యాసంలో, ఆశపడటం కూడా వాడకంతో పెరిగే శక్తేనని వాదించాడు. ఉన్నవాళ్ల పిల్లలకు ఒక కోరికకూ దాన్ని అందుకునే పనులకూ మధ్య ఎన్నో అడుగులు తెలుసు, తప్పితే పట్టుకోవలసిన పక్కదారులూ తెలుసు. లేనివాళ్ల పిల్లలకు కోరిక తెలుసు, మొదటి అడుగు తెలుసు, మధ్యదంతా చీకటి.

ఆ మధ్యభాగాన్ని తరగతి గదిలో నింపే పని డెట్రాయిట్ బీద బళ్లలో డాఫ్నా ఆయ్సర్మన్ చేసి చూపించింది. ఎనిమిదో తరగతి పిల్లల చేత ఇవాళ్టి నుంచి పెద్దయ్యేదాకా ఒక గీత గీయించారు. ఎక్కడ దారి చీలుతుంది, ఎక్కడ అడ్డం పడుతుంది, అప్పుడేం చేస్తావు అని ఆ గీత మీదే రాయించారు. కష్టంగా అనిపిస్తే అది నీది కాదని అర్థం కాదని, ముఖ్యమైన పని కాబట్టే కష్టంగా ఉందని చర్చల్లో పిల్లల చేతే అనిపించారు. గొప్పవాళ్ల జీవితకథలు చెప్పి ఊపు తెచ్చే కార్యక్రమం కాదది. రెండేళ్ల తర్వాత చూసినా ఆ పిల్లలు బడి ఎగ్గొట్టడం తక్కువగా ఉంది, మార్కులు మెరుగ్గా ఉన్నాయి.

పదో తరగతి టీచరు ఎవరైనా ఒక్క పీరియడ్‌లో దీన్ని మొదలుపెట్టవచ్చు. నర్సు కావాలన్న అమ్మాయి చేత గడులు గీయించి రాయించాలి: ఇంటర్‌లో ఏ గ్రూపు, ఆ కాలేజీ ఏ ఊళ్లో ఉంది, ప్రవేశం ఎలా, ఫీజెంత, స్కాలర్‌షిప్ దరఖాస్తు ఏ నెలలో, సీటు రాకపోతే దగ్గర్లో ఇంకేముంది, ఇప్పుడు ఆ పనిలో ఉన్న అక్క ఎవరైనా తెలుసా. ఇవాళ జరిగిన జీవశాస్త్రం పాఠంలో ఆ అక్క రోజూ వాడే ముక్క ఏదో చివరి గడిలో. ఈ గడులు నింపాలంటే టీచరు కూడా నాలుగు చోట్లకు ఫోన్ చేసి కనుక్కోవాల్సి వస్తుంది.